జాజ్ బేస్‌కి కొత్త రంగు: ఏం మారింది, ఏం మారలేదు

నేను సెకండ్‌హ్యాండ్‌లో కొని రంగు మార్చిన ఈ బేస్ గిటార్ ఫెండర్ జాజ్ బేస్ నమూనాలో చేసిన ఒక నకలు. నాలుగు స్ట్రింగులు, 34 అంగుళాల స్కేలు (స్ట్రింగులో మోగే భాగం పొడవు), రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (స్ట్రింగు కదలికని పట్టి సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం మీద తీగ చుట్టిన భాగాలు), స్క్రూలతో బిగించే మేపుల్ నెక్. నెక్ చివరి తల, అంటే హెడ్‌స్టాక్ మీది పేరు ఎవరో ఎప్పుడో గీకేశారు. అమ్మినతను చెప్పిన లోపం ఒక్కటే: "రంగు బాగోలేదు సార్, మిగతాదంతా ఓకే." నిజానికి రంగు అంత అధ్వానంగా ఏమీ లేదు. దట్టమైన నలుపు, అద్దంలాంటి మెరుపు, అక్కడక్కడా పెచ్చులు. తేడా అంతా ఆ మిగతాదాంట్లోనే ఉంది.

పాత పూత ఒలిచి కొత్తది వేసే పని గురించి మాట్లాడేవాళ్లలో రెండు వర్గాలు. మందపాటి పాలీ (ప్లాస్టిక్ లాంటి) పూత తీసేసి పల్చటి నైట్రో (నైట్రోసెల్యులోజ్) లక్కర్ వేస్తే చెక్క ఊపిరి తీసుకుంటుంది, సౌండ్ విచ్చుకుంటుంది అంటారు కొందరు. ఎలక్ట్రిక్ వాయిద్యానికి రంగుతో పనేంటి, అంతా తీగా అయస్కాంతమూ అంటారు మిగతావాళ్లు. ఈ బేస్ మీద పని చేశాక నా లెక్క ఇద్దరికీ కొంచెం ఎడంగా తేలింది. పూత ఉండకూడని చోట ఉండడం వల్ల ఈ వాయిద్యం చెడింది. అక్కడ తీసేస్తే బాగుపడింది. మిగతా పనంతా కంటికీ చేతికీ భుజానికీ చేసుకున్నదే, చెవికి కాదు.

కొనేటప్పుడు చూసినవి

సెకండ్‌హ్యాండ్ బేస్ చూసేటప్పుడు రంగు సంగతి చివర. ముందు ట్రస్ రాడ్, అంటే నెక్ లోపల ఉండి దాని వంపుని సరిచేసే లోహపు కడ్డీ. దాని నట్ అటూ ఇటూ పావు వంతయినా తిరగకపోతే బేరం అక్కడితో సరి. తర్వాత ట్యూన్ చేసి, ప్రతి స్ట్రింగునీ ప్రతి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా పొదిగిన లోహపు పట్టీ) మీదా నిదానంగా మీటుతూ పోవాలి. చూపించేవాళ్లకి విసుగొచ్చినా సరే. ఏ ఫ్రెట్ బర్రుమంటోందో, ఏ స్వరం తొందరగా చచ్చిపోతోందో అలాగే తెలుస్తుంది. ఆ తర్వాత యాంప్‌కి కలిపి నాబ్‌లు తిప్పి చూడాలి. జాజ్ బేస్ తరహాలో ఇంకో పరీక్ష ఉంది: రెండు పికప్‌ల వాల్యూములూ పూర్తిగా పెడితే హమ్ (యాంప్‌లో వినిపించే రొద) దాదాపు పోవాలి, ఒకటి తగ్గిస్తే తిరిగి రావాలి. రెండు కాయిళ్లూ ఒకదానికొకటి ఎదురుగా చుట్టి, అయస్కాంతాలు కూడా ఎదురు దిక్కుల్లో పెట్టడం వల్ల అలా జరుగుతుంది.

ఈ బేస్‌లో ట్రస్ రాడ్ తిరిగింది. ఫ్రెట్లలో ఇంకా చాలా ప్రాణం ఉంది. పికప్‌లు రెండూ సరిగా పలికాయి. అందుకే తీసుకున్నాను. తేడా కొట్టినవి ఇవి: 17వ ఫ్రెట్ దగ్గర ఇ స్ట్రింగు (అన్నిటికంటే లావుది) ఫ్రెట్ మీద నుంచి ఎత్తు 4 మిల్లీమీటర్లు. ఫెండర్ సూచించే కొలత అక్కడ సుమారు 2.4. తగ్గిద్దామంటే బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగులు బిగించే లోహపు భాగం) మీది శాడిళ్లు, అంటే స్ట్రింగులు ఆనే చిన్న దిమ్మెలు, అప్పటికే అడుగంటి ఉన్నాయి. ఇ స్ట్రింగు ఫ్రెట్‌బోర్డు అంచుకి మరీ దగ్గరగా పోతోంది, జి స్ట్రింగు (అన్నిటికంటే సన్నది) పక్కన మాత్రం బోలెడు ఖాళీ. స్ట్రింగుల మీద చెయ్యి వేసినా హమ్ ఏమాత్రం తగ్గడం లేదు. జి స్ట్రింగు ఆరో ఫ్రెట్ దగ్గర స్వరం నిలవడం లేదు. మొత్తం బరువు 4.6 కిలోలు.

ఎత్తు ఎక్కువగా ఉంటే చాలామంది ముందు ట్రస్ రాడ్ మీద పడతారు. అందుకే ముందు నెక్ వంపు కొలిచాను. మొదటి ఫ్రెట్‌నీ చివరి ఫ్రెట్‌నీ నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద స్ట్రింగు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చితే 0.3 మిల్లీమీటర్లు వచ్చింది. ఉండాల్సినంతే ఉంది. అంటే నెక్ వంగలేదు, నెక్ కూర్చున్న కోణంలోనే తేడా ఉంది.

నెక్ గాడిలో రంగు

నెక్ విప్పితే సంగతి బయటపడింది. అసలు ఫ్యాక్టరీ పూత మీద ఎవరో ఇంకో పూత వేశారు. వేసేటప్పుడు నెక్ కూర్చునే గాడికి టేపు వెయ్యలేదు. బాడీని నిలువుగా వేలాడదీసి కొట్టారేమో, రంగు జారి గాడి బయటి అంచున, అంటే హెడ్‌స్టాక్ వైపున, గట్టుకట్టి ఎండింది. కాలిపర్ వెనక లోతు కొలిచే పుల్లతో చూస్తే ఆ గట్టు అర మిల్లీమీటరు పైచిలుకు.

అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ బేస్ గాడి పొడవు పది సెంటీమీటర్ల లోపే. అక్కణ్ణించి బ్రిడ్జ్ దాకా ఉన్న దూరం దానికి రెండున్నర రెట్ల పైనే. గాడి బయటి అంచు అర మిల్లీమీటరు లేస్తే హెడ్‌స్టాక్ ముందుకు వాలుతుంది, ఫ్రెట్‌బోర్డు తలాన్ని బ్రిడ్జ్ వైపు పొడిగిస్తూ పోతే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. శాడిళ్లు అంతమేరా కిందికి దిగాలి. అవి దిగడానికి చోటు లేదు. అందుకే స్ట్రింగులు గాల్లో వేలాడాయి. పక్క గోడ మీద కూడా ఒకవైపే రంగు పేరుకుని నెక్‌ని పక్కకి నెట్టింది. ఇ స్ట్రింగు అంచుకి పోవడానికి అదీ కారణం.

రంగు గీకకముందే ఈ ఊహని రుజువు చేసుకోవాలనుకున్నాను. గాడి లోపలి చివర, అంటే బ్రిడ్జ్ వైపున, పాత విజిటింగ్ కార్డుని సన్నటి పట్టీలుగా కోసి రెండు మడతలు పెట్టి నెక్ బిగించాను. శాడిళ్లు కొంచెం ఎత్తుకోవాల్సి వచ్చింది, ఎత్తు 2.4 దగ్గరికి వచ్చేసింది. వాయించడానికి వీలుగా ఉంటే చాలనుకునేవాళ్లకి ఈ కేసు ఇక్కడే ముగిసినట్టు. నెక్ కింద ముక్క పెడితే సస్టెయిన్ (స్వరం నిలిచే తీరు) పోతుందనే భయాలు నేను పెద్దగా పట్టించుకోను. కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చే వాయిద్యాల్లోనూ ఆ ముక్కలు కనిపిస్తాయి.

హమ్ సంగతి కూడా రంగుతోనే ముడిపడింది. స్ట్రింగులు ముట్టుకుంటే హమ్ తగ్గాలి. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) లోహాన్ని ముట్టుకున్నప్పుడు మాత్రమే తగ్గి, స్ట్రింగులు ముట్టుకుంటే తగ్గలేదంటే బ్రిడ్జ్‌కి ఎర్త్ అందడం లేదని అర్థం. బ్రిడ్జ్ విప్పి చూస్తే దాని కింద నుంచి వచ్చే ఎర్త్ తీగ కొస మీద నల్ల రంగు తళతళా మెరుస్తోంది. ఎవరో ఆ తీగని కదపకుండా దాని మీదే రంగు కొట్టి, బ్రిడ్జ్ బిగించేశారు. కొసని బ్లేడుతో గీకి, రాగి కనిపించాక విసనకర్రలా విప్పి బ్రిడ్జ్ కింద పరిచాను. హమ్ పోయింది.

ఒలిచే ముందు రికార్డింగు

ముక్క పెట్టిన స్థితిలోనే కొన్ని వారాలు వాయించాను. వాయించని బేస్‌ని విప్పి రంగు వేస్తే ఏం మారిందో ఎవరికీ తెలీదు. తర్వాత 45 నుంచి 105 సైజు కొత్త నికెల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన స్ట్రింగుల) సెట్ వేసి, పికప్ ఎత్తులు రాసుకుని, యాంప్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి రికార్డు చేశాను. నాబ్‌లు మూడూ పూర్తిగా తెరిచి, మెట్రోనోమ్ మీద, ఖాళీ స్ట్రింగులూ ఒక స్కేలూ ఒక గ్రూవూ. పని అయ్యాక అదే కంపెనీ, అదే సైజు, మళ్లీ కొత్త సెట్టు వేసి ఇవే వాయించాలని అనుకున్నాను. విప్పిన స్ట్రింగులే తిరిగి వేస్తే లెక్క తప్పుతుంది. రౌండ్‌వౌండ్‌ల మెరుపు చెమటతోనూ, విప్పి బిగించడంతోనూ మొదటి గంటల నుంచే తగ్గుతూ ఉంటుంది.

పనంతా అయ్యాక "అబ్బ, సౌండ్ ఎంత మారిందో" అనేవాళ్లలో ఎక్కువమంది పాత స్ట్రింగులు తీసి కొత్తవి వేసినవాళ్లే. ఆ తేడా రంగు ఖాతాలో పడిపోతుంది. మోటౌన్ రికార్డులకి వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫెండర్ ప్రెసిషన్ బేస్ సౌండ్‌లో ఫ్లాట్‌వౌండ్ (చదునైన పట్టీ చుట్టిన) స్ట్రింగులదీ, బ్రిడ్జ్ దగ్గరి ఫోమ్ ముక్కదీ ఎంత వాటానో తెలిసినవాళ్లు కూడా, తమ బేస్ దగ్గరికి వచ్చేసరికి లక్కర్ మాటే ఎత్తుతారు.

ఒలవడం

పాలియెస్టర్ పూత రసాయనాలకి లొంగదు. మార్కెట్లో దొరికే పెయింట్ రిమూవర్ పైపూతని ముడతలు పడేలా చేసిందే గానీ కింది ఫ్యాక్టరీ పూతని ఏమీ చెయ్యలేకపోయింది. ఇక హీట్ గన్, స్క్రేపర్. ఆరుబయట, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకుని చెయ్యాలి. ధూళికి వాడే మామూలు మాస్కు పొగలని ఆపదు. ఇంకా పాత వాయిద్యమైతే రంగులో సీసం ఉందేమో ముందు పరీక్ష చేసుకోవాలి.

పద్ధతి చెప్పడానికి తేలికే. ఒకే చోట గన్ ఆపకుండా చిన్న వలయాల్లో తిప్పుతూ ఉంటే పూత మీద సన్నటి బుడగ లేస్తుంది. అదే అదను. స్క్రేపర్‌ని వీలైనంత పడుకోబెట్టి తోస్తే పూత పలకలు పలకలుగా లేచి వస్తుంది. అదను దాటితే చెక్క గోధుమరంగుకి మాడుతుంది, ముందే తోస్తే బ్లేడు చెక్కలోకి దిగుతుంది. వెనకా ముందూ ఉన్న చదును భాగాలు తొందరగానే అయ్యాయి. కొమ్ముల లోపలి వంపులు మాత్రం ప్రాణం తీశాయి. అక్కడ గన్ వదిలేసి, చెక్కముక్కకి 80 నంబరు సాండ్‌పేపర్ చుట్టి చేత్తోనే రుద్దుకున్నాను.

పూత కింద ఏముందో ఒలిచేదాకా ఎవరూ చెప్పలేరు. నాకు దొరికింది ఆల్డర్ చెక్క, నాలుగు ముక్కలు అతికించింది. ఫెండర్ 1956 నుంచి ఎక్కువ బాడీలకి వాడుతున్నది ఆల్డరే, కాబట్టి చెక్క విషయంలో ఫిర్యాదు లేదు. కానీ ఆ నాలుగు ముక్కల గీతలూ ఒకదానితో ఒకటి కలవవు. ఒకటి లేత రంగు, ఒకటి ముదురు, ఒకదాన్లో ముడి. చెక్క కనిపించేలా నూనె పాలిష్ చేద్దామన్న ఆశ అక్కడ వదులుకున్నాను. కొన్ని బాడీల ముందువైపు కాగితమంత పల్చటి చెక్కపొర (వెనీర్) అతికించి ముక్కలని దాస్తారు. దాన్ని చూసి ఒకటే ముక్క అనుకుని గట్టిగా రుద్దితే ఇట్టే చిరిగిపోతుంది.

బాడీ అంచున రెండు పెద్ద సొట్టలు. వీటికి పుట్టీ పెట్టే ముందు ఆవిరి ప్రయత్నించాలి. నూలు గుడ్డ తడిపి మడతపెట్టి సొట్ట మీద ఉంచి, బాగా వేడెక్కిన ఇస్త్రీ పెట్టె మొనని ఆనించాను. బుస్సున ఆవిరి లేచింది. గుడ్డ తీస్తే సొట్ట సగానికి తగ్గింది. ఇంకోసారి తడిపి ఆనిస్తే వేలితో తడిమినా తెలియనంత సమం అయింది. నలిగిన చెక్కనార నీళ్లు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి ఇది పని చేస్తుంది. రెండో సొట్టలో నార తెగి ఉంది, అది ఎంత ఆవిరి పెట్టినా లేవలేదు. దానికి పుట్టీ తప్పలేదు.

120, 180, 220 వరకు, నార వెంబడే రుద్దుకుంటూ వచ్చాను. ఒట్టి బాడీని ఒలవకముందూ ఒలిచాకా తూకం వేశాను: తేడా 240 గ్రాములు. అంత రంగు మోస్తోంది ఆ బేస్.

ఏ పూత

టూ-కాంపొనెంట్ పాలీయూరథేన్ గట్టిది, తొందరగా ఆరుతుంది, ఫ్యాక్టరీ మెరుపు వస్తుంది. కానీ దాని గట్టిపరిచే ద్రవంలో ఊపిరికి ప్రమాదకరమైన ఐసోసయనేట్లు ఉంటాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు, సరైన స్ప్రే బూత్ లేకుండా అది వాడేది కాదు. ఇంట్లో చేసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. నూనె పాలిష్ సులువే, చెక్క కనిపించాలనుకుంటే నాకు అదే ఇష్టం. అయితే నూనె గుడ్డలని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, నీళ్లలో నానబెట్టి గానీ పారెయ్యకూడదు.

నేను నైట్రో తీసుకున్నాను. సౌండ్ కోసం కాదు, మరమ్మతు సులువని. ప్రతి కొత్త కోటూ కింది కోటుని కొంచెం కరిగించి దాంతో కలిసిపోతుంది. రేపు గీత పడితే అక్కడికక్కడే సరిచెయ్యొచ్చు. కింద రంగు కోసం కార్లకి వాడే యాక్రిలిక్ లేత ఆకుపచ్చ. ఇదేమీ వింత కాదు. ఫెండర్ 1960ల్లో ఇచ్చిన కస్టమ్ రంగులు డూపాంట్ వాళ్ల డ్యూకో, లూసైట్ కార్ల రంగులే.

ఆల్డర్‌కి ఆష్ చెక్కలా పెద్ద రంధ్రాలు ఉండవు కాబట్టి వాటిని పూడ్చే గ్రెయిన్ ఫిల్లర్ అక్కర్లేదు. ఫ్యాక్టరీ సీలర్ అక్కడక్కడా చెక్కలోకి ఇంకిపోయి మిగిలింది. దాని మీద కొత్త పూత పట్టకపోవచ్చు కాబట్టి మధ్యలో మైనం తీసిన లక్క ఒక చెయ్యి పూశాను. లక్క మీద దాదాపు ఏదైనా పడుతుంది, లక్క దేని మీదైనా పడుతుంది. తర్వాత ప్రైమర్, రంగు, క్లియర్. నెక్ గాడి మొత్తానికీ, స్క్రూ రంధ్రాలకీ టేపు. ఈసారి గాడిలో ఒట్టి చెక్కే.

స్ప్రే గురించి చెప్పాల్సింది ఒక్కటే ఉంది: గాలిలో తేమ. తేమ ఎక్కువున్న రోజు నైట్రో కొడితే ఆరేకొద్దీ తెల్లటి మసక కమ్ముతుంది. థిన్నర్ తొందరగా ఆవిరై ఉపరితలం చల్లబడి, తేమ పూతలో చిక్కుకోవడం వల్ల వచ్చేదది. ఒక కోటులో కొమ్ము దగ్గర కాస్త కమ్మింది. పొడి రోజు చూసి రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిపిన థిన్నర్ పల్చగా కొడితే విడిపోయింది.

తర్వాత ఓపిక పట్టడమే. నైట్రో చేతికి అంటకపోయినా లోపల వారాల తరబడి ఆరుతూనే ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన వస్తున్నంత కాలం వాటర్ పేపర్ పెట్టకూడదు. పెడితే ఇప్పుడు చదునుగా కనిపించిన చోటే నెల తర్వాత కుంగుతుంది. వాసన పోయాక 1000, 1500, 2000 వాటర్ పేపర్, తర్వాత పాలిష్ కాంపౌండ్. బాడీ అంచుల మీద పేపర్ అసలు ఆడించలేదు. పూత ఎప్పుడూ అంచుల దగ్గరే పల్చగా ఉంటుంది, రెండు రుద్దులకే రంగు దాటి ప్రైమర్ కనిపిస్తుంది. కాస్త నారింజ తొక్క గరుకు మిగిలినా అంచుని వదిలెయ్యడమే నయం.

నెక్ వెనక భాగానికి చేసిన పని చాలా చిన్నది, వాయించేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ తెలిసేదీ అదే. మెరిసే పాలీ నెక్‌కి చెమట పట్టిన బొటనవేలు అతుక్కుంటుంది. మొదటి పొజిషన్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి జారేటప్పుడు చెయ్యి ఆగి ఆగి పోతుంది. పూత తియ్యకుండా, బూడిదరంగు స్కాచ్‌బ్రైట్‌తో పొడవునా రుద్ది మెరుపు మాత్రం చంపాను. స్టీల్ ఊల్ కూడా పనికొస్తుంది గానీ, దాని పొడి పికప్ అయస్కాంతాలకి పట్టుకుందంటే వదిలించుకోవడం నరకం.

బిగించాక

నెక్ స్క్రూలని ముందు వెనక్కి తిప్పాలి, పాత మరలోకి టక్కుమని దిగిన చప్పుడు వినిపించాక ముందుకి బిగించాలి. లేకపోతే ప్రతిసారీ కొత్త మర తొలుచుకుని రంధ్రం వదులవుతుంది. ఒక రంధ్రం అప్పటికే వదులైపోయి ఉంది. గట్టి చెక్క పుల్ల జిగురుతో దిగ్గొట్టి, ఆరాక మళ్లీ డ్రిల్ చేశాను. కార్డు ముక్క అవసరం లేకుండానే ఎత్తు ఇ వైపు 2.4కి, జి వైపు 2కి వచ్చింది. స్ట్రింగులు ఫ్రెట్‌బోర్డు మధ్యకి వచ్చాయి.

రికార్డింగులు పక్కపక్కన పెట్టి, పేర్లు దాచి, మా డ్రమ్మర్‌కి వినిపించాను. "రెండోది కొత్త రంగుదిరా, లో ఎండ్ చూడు ఎలా ఉందో" అన్నాడు. రెండోది పాతది. నేను కూడా చూడకుండా వింటే తేల్చుకోలేకపోయాను. వేవ్‌ఫామ్‌లో అటాక్, స్వరం తగ్గే తీరు నా వేళ్ల తేడా కంటే ఎక్కువ మారలేదు. ఖాళీ ఇ స్ట్రింగు 41 హెర్ట్జ్. దాన్ని పికప్ పట్టుకునేది స్ట్రింగు కదలిక నుంచి. బాడీ మీది కొన్ని వందల గ్రాముల ప్లాస్టిక్ ఆ కదలికలో పెద్ద పెత్తనం చెయ్యలేదు.

పూత సౌండ్‌ని నిజంగా మార్చే చోటు ఒకటుంది, స్ట్రింగు పూతని తాకే చోటు. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని తన 1962 జాజ్ బేస్‌లో ఫ్రెట్ల గాళ్లు పూడ్చి, ఫ్రెట్‌బోర్డు మీద పడవలకి వాడే ఎపాక్సీ పూశాడు. రౌండ్‌వౌండ్ స్ట్రింగులు చెక్కని కోసెయ్యకుండా ఉండడానికి అది పనికొచ్చింది, ఆ గట్టి ఉపరితలమే అతని బేస్‌కి ఆ మెరుపునీ ఇచ్చింది. బాడీ వెనకవైపు పూత విషయంలో అలాంటి వాదన నాకు ఎక్కడా నిలబడినట్టు కనిపించదు.

జి స్ట్రింగు ఆరో ఫ్రెట్ దగ్గరి మూగతనం ఎక్కడికీ పోలేదు. పోతుందని నేను అనుకోనూ లేదు. ఫెండర్ తరహా బేస్‌లలో ఐదు, ఏడు ఫ్రెట్ల మధ్య ఇది మామూలే. ఆ స్వరం దగ్గర నెక్ తన సొంత ఊపుతో స్ట్రింగు శక్తిని లాగేసుకుంటుంది. హెడ్‌స్టాక్‌కి చిన్న సీ-క్లాంప్ బిగిస్తే ఆ మచ్చ ఐదో ఫ్రెట్ కిందికి జరిగింది. బరువు పెరిగితే నెక్ ఊగే వేగం తగ్గుతుంది కదా. రికార్డింగుకి క్లాంప్ పెట్టుకుంటాను, స్టేజీ మీద ఆ స్వరాన్ని డి స్ట్రింగు పదకొండో ఫ్రెట్ మీద పట్టుకుంటాను.

బరువు విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. కొత్త పూత వేశాక 40 గ్రాములు తిరిగి చేరాయి, అంటే నికరంగా బాడీ 200 గ్రాములు తేలిక. భుజానికి హాయిగానే ఉంది. కానీ తగ్గిందంతా బాడీ వైపు కాబట్టి, ఇదివరకు నిలకడగా ఉన్న బేస్ ఇప్పుడు చెయ్యి వదిలితే హెడ్‌స్టాక్ వైపుకి వాలుతోంది. లోపలివైపు గరుకు తోలున్న వెడల్పాటి స్ట్రాప్‌తో కొంత ఆగింది. హెడ్‌స్టాక్ మీద స్ట్రింగులు బిగించే పాత బరువైన ట్యూనర్ల బదులు తేలికపాటివి వేస్తే పూర్తిగా ఆగుతుంది. అయితే హెడ్‌స్టాక్ తేలికైతే ఆ మూగ స్వరం ఈసారి ఏడో ఫ్రెట్ వైపు జరగొచ్చు, కాబట్టి ట్యూనర్లు కొనే ముందు ఒక్కొక్కటిగా తూకం వేసి చూస్తున్నాను.